విశాఖ బీచ్ రోడ్డు హోటల్లో సముద్రం ఎదురుగా కూర్చుని చేపల భోజనం: ఏ పూట వెళ్లాలి, ఏ చేప అడగాలి?

ఓరుగల్లు అమ్మాయి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది హనుమకొండ. వచ్చే డిసెంబరులో మా నాన్నగారికి డెబ్బై ఏళ్లు నిండుతున్నాయి. ఆయన మానేరు ఒడ్డున కొరమీను తిని పెరిగిన మనిషి. సముద్రాన్ని జీవితంలో రెండే సార్లు చూశారు, ఆ రెండుసార్లూ ఎవరిదో పెళ్లికి వెళ్తూ బస్సు కిటికీలోంచి చూసినవే. ఈసారి ఏం కావాలని అడిగితే పంచె, శాలువా, సన్మానం ఏమీ వద్దని, "సముద్రం ముంగట కూసోని సముద్రం చాప తినాలె, గంతే" అన్నారు.

మేము పిల్లలతో కలిపి ఎనిమిది మందిమి. విశాఖపట్నంలో రెండు రోజులు ఉంటాం. ఇంటర్నెట్‌లో వెతికితే ప్రతి హోటలూ ఒకే రకం ఫొటో చూపిస్తున్నది: ఒక పెద్ద అద్దం, అద్దం ముందు తెల్లని బల్ల, అద్దం అవతల నారింజ రంగు సూర్యుడు. నాకు ఈ ఫొటోల మీద నమ్మకం పోయి మూడేళ్లయింది. అప్పుడు వేరే తీరపట్టణంలో ఒక హోటల్లో "సముద్రం కనిపించే బల్ల" అని ప్రత్యేకంగా బుక్ చేసుకుని రాత్రి ఎనిమిదింటికి వెళ్లాం. అద్దంలో మా ముఖాలు, పైన వెలుగుతున్న దీపాలు తప్ప ఇంకేమీ కనిపించలేదు. "నేటి వేట" అని వడ్డించిన చేప ముక్కకు ముల్లు లేదు, చర్మం లేదు, రుచీ లేదు. మా ఊరి సూపర్ మార్కెట్లో పొట్లంలో దొరికేది కూడా అచ్చం అలాగే ఉంటుంది.

అందుకని తెలిసినవారిని అడుగుతున్నాను. మధ్యాహ్నం వెళ్లాలా, రాత్రి వెళ్లాలా? కొరమీను అలవాటైన నోటికి సముద్రపు చేపల్లో ఏది నచ్చుతుంది? తాజాదో కాదో హోటల్లో కూర్చుని తెలుసుకునే దారి ఉందా? బిల్లులో ఏయే చోట్ల జాగ్రత్తపడాలి? ఇంకా మూడు చిక్కులున్నాయి. అమ్మ మార్గశిర గురువారాలలో నీచు ముట్టదు, మా ప్రయాణంలో ఒక రోజు గురువారం పడుతున్నది. మా అన్న కొడుకుకు రొయ్య పడదు, తింటే పెదవులు వాస్తాయి. నాన్నగారికి మోకాళ్ల నొప్పి, మెట్లు కష్టం.

లాసన్స్‌బే నివాసి

అమ్మాయి గారూ, ముందు ఆ నారింజ సూర్యుడి సంగతి తేల్చుకుందాం. మా సముద్రం తూర్పున ఉంది. సూర్యుడు అందులోంచి లేస్తాడు గానీ అందులోకి దిగడు. సాయంత్రం ఊరి వెనుక కొండల చాటుకు పోతాడు. కాబట్టి ఆ ఫొటో తెల్లవారుజామున తీసినదైనా కావాలి, పడమటి తీరంలో తీసినదైనా కావాలి. మా ఊళ్లో సాయంత్రపు భోజనానికి "సూర్యాస్తమయ దృశ్యం" అని ఎవరైనా రాస్తే వారికి దిక్కులు తెలియవని అనుకోండి.

డిసెంబరులో ఇక్కడ సాయంత్రం ఐదున్నర లోపే పొద్దు కుంకుతుంది, ఆరు దాటేసరికి చీకటి. హోటళ్లలో రాత్రి భోజనం మొదలయ్యేది ఏడింటికి. మీరు మూడేళ్ల క్రితం చూసిన నల్లటి అద్దమే ఇక్కడా ఎదురవుతుంది. లోపల దీపాలు ఎంత బాగా వెలిగిస్తే అద్దం అంత బాగా అద్దంలా పని చేస్తుంది. రాత్రే వెళ్లాలనుకుంటే అద్దం లేని చోటు, అంటే ఆరుబయట వేసిన బల్ల అడగాలి. అప్పుడు రేవులోకి వంతు కోసం లంగరు వేసుకుని నిలిచిన ఓడల దీపాలు వరుసగా కనిపిస్తాయి, కుడివైపు డాల్ఫిన్స్ నోస్ కొండ మీద దీపస్తంభం తిరుగుతూ ఉంటుంది, అల విరిగినప్పుడు తెల్లని గీత మెరుస్తుంది. పౌర్ణమి నాడు ఇంకొక లాభం ఉంది. ఇక్కడ పొద్దు కుంకే వేళకే చంద్రుడు తూర్పున లేస్తాడు. చలికాలంలో ఎడమ చేతివైపు, కైలాసగిరి దిక్కుగా వస్తాడు. పౌర్ణమి కాని రోజున రాత్రి భోజనానికి సముద్రం పేరు మీద అదనంగా డబ్బు పెట్టడం నాకు దండగ అనిపిస్తుంది.

పగలైతే లెక్క వేరు. ఉదయం పూట సూర్యుడు సూటిగా ఎదురుగా ఉంటాడు గనుక నీరంతా తళతళలాడుతూ కళ్లు నొప్పి పుడతాయి. పలహారానికి కిటికీ పక్కన కూర్చున్నవారు పది నిమిషాల్లో తెర దింపించుకోవడం చాలాసార్లు చూశాను. మధ్యాహ్నం రెండు దాటాక వెలుగు పక్కనుంచి, ఆ తరువాత భవనం వెనుకనుంచి పడుతుంది. సముద్రం అసలు నీలం బయటపడేది అప్పుడే. ఆరుబయట బల్లల మీద భవనం నీడ పడేదీ అప్పుడే. అయితే చాలా వంటశాలలు మూడింటికి మూసి మళ్లీ ఏడింటికి తెరుస్తాయి కాబట్టి ఒంటిగంటన్నరకు కూర్చుని, తీరిగ్గా తిని, కాఫీ దగ్గర ఆలస్యం చేయడం మంచి పద్ధతి. లేవమని ఎవరూ అనరు.

ఇక ఎక్కడ కూర్చోవాలన్నది. బీచ్ రోడ్డులో హోటళ్లు చాలా వరకు రోడ్డుకు ఊరివైపున ఉంటాయి. 1991లో వచ్చిన తీరప్రాంత నియంత్రణ నిబంధనల ప్రకారం నగరంలో అప్పటికే ఉన్న రోడ్డుకు సముద్రంవైపున కొత్త కట్టడాలకు అనుమతి లేకపోవడం దీనికి ఒక కారణం. 1968లో మొదలైన ది పార్క్ వంటి పాత హోటల్ సముద్రంవైపునే ఉంది గనుక అక్కడ తోటకు, ఇసుకకు మధ్య రోడ్డు అడ్డం రాదు. మిగతా చోట్ల నేల అంతస్తులో కూర్చుంటే ముందు రోడ్డు, ఆపి ఉంచిన కార్లు, ముంతమసాలా బళ్లు, వాటి తలల పైన కొద్దిగా సముద్రం కనిపిస్తాయి. అలాగని పదో అంతస్తుకు ఎక్కితే సముద్రం గోడకు కట్టిన నీలం గుడ్డలా కదలిక లేకుండా ఉంటుంది, అల చప్పుడు అసలే వినిపించదు. మూడు నుంచి ఐదో అంతస్తు మధ్య ఉన్నది దొరికితే అదృష్టం. డాబా మీద రెస్టారెంట్ అయితే లిఫ్టు ఆఖరి అంతస్తు దాకా వస్తుందా, అక్కడినుంచి మెట్లున్నాయా అని తప్పకుండా అడగండి. ఒక అంతస్తు ముందే లిఫ్టు ఆగిపోయి, మిగతాది ఇనుప మెట్ల మీద ఎక్కించే చోట్లు ఉన్నాయి, మోకాళ్ల నొప్పి ఉన్నవారికి అవి పనికిరావు.

డిసెంబరు 4 నౌకాదళ దినోత్సవం. సముద్రతీరంలో విన్యాసాలు జరిగే ఏడాదైతే ఆ రోజుతో పాటు, వాటి అభ్యాసాలు జరిగే సాయంత్రాల్లో కూడా బీచ్ రోడ్డు మీద వాహనాలను మళ్లిస్తారు. ఆ తేదీలకు దూరంగా రండి.

పాత వంటవాడు

నేను ఇరవై ఆరేళ్లు ఈ ఊళ్లోనే సముద్రం ఎదురుగా ఉన్న హోటళ్ల వంటశాలల్లో పని చేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ని. ఏ హోటల్ మంచిదో చెప్పను, వంటవాడు మారితే హోటల్ మారినట్టే. వంటశాల ఎలా నడుస్తుందో చెబుతాను, దాన్నిబట్టి మీరే అడిగి తేల్చుకోవచ్చు.

పెద్ద హోటల్ చేపల రేవుకు వెళ్లి బుట్టతో కొనుక్కు రాదు. బిల్లు ఇవ్వగలిగిన, లైసెన్సు ఉన్న సరఫరాదారుతో ఒప్పందం ఉంటుంది. అతడు ఉదయం తొమ్మిది, పది గంటల మధ్య ఐసు పెట్టెల్లో కోనాం (వంజరం), చందువ (పాంఫ్రెట్), పండుగప్ప, రొయ్య తెస్తాడు. వాటిని తూచి, శుభ్రం చేసి, కోసి పెట్టేసరికి పన్నెండు అవుతుంది. ఆ రోజు వచ్చిన సరుకులో మంచి ముక్క మధ్యాహ్నమే పోతుంది. రాత్రికి మిగిలేది మిగిలినదే. లాసన్స్‌బే వారు చెప్పిన వెలుగు లెక్కకూ, నా సరుకు లెక్కకూ జవాబు ఒకటే వస్తోంది: మధ్యాహ్నం వెళ్లండి. జనం అందరూ రాత్రికే ఎందుకు బుక్ చేస్తారో ఇరవై ఆరేళ్లలో నాకు అర్థం కాలేదు.

రెండో సంగతి. మెనూ కార్డు అచ్చు వేసినది గనుక ఏడాది పొడవునా ఒకే రకంగా ఉండాలి, సముద్రం మాత్రం అలా ఉండదు. ఆ తేడాను పూడ్చేది గడ్డకట్టించిన చేప. ఫిష్ టిక్కా, ఫిష్ ఫింగర్స్, అపోలో ఫిష్, "నచ్చిన సాస్‌లో చేప" అని ఉన్నవాటిలో ఎక్కువ చోట్ల పడేది బాసా. అది ముళ్లు లేని చెరువు చేప. మీకు మూడేళ్ల క్రితం వడ్డించినది బహుశా అదే. అది తినకూడని వస్తువేమీ కాదు, కానీ దానికోసం హనుమకొండ నుంచి విశాఖ దాకా రానక్కరలేదు. అందుకని వంటకం పేరుతో ఆర్డరు ఇవ్వకండి, చేప పేరుతో ఇవ్వండి. ఆర్డరు తీసుకునే కెప్టెన్‌ను "ఈ రోజు ఉదయం ఏయే చేప వచ్చింది? కోయకుండా ఉన్నది తెచ్చి చూపిస్తారా?" అని అడగండి. మంచి హోటల్లో పళ్లెంలో పెట్టుకుని తెస్తారు. కన్ను ఉబ్బి, తేటగా ఉండాలి. మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి, గోధుమరంగుకు తిరిగి ఉంటే వద్దనండి. వేలితో నొక్కితే గుంట నిలవకూడదు. చూపించడానికి నసిగారంటే ఆ పూట పప్పు, గుత్తివంకాయ తిని వచ్చేయడం మేలు.

పులుసు గురించి ఒక మాట చెప్పాలి, ఇది నా మనసుకు దగ్గరి విషయం. హోటల్ పులుసు ఇంటి పులుసులా ఎందుకుండదంటే, మేం చింతపండు, ఉల్లి, కారం వేసిన గ్రేవీ పొద్దునే చేసి పెట్టుకుని, ఆర్డరు వచ్చాక చేప ముక్కను విడిగా వేయించి అందులో నాలుగు నిమిషాలు మరగనిచ్చి పంపిస్తాం. ముక్క వేరు, పులుసు వేరుగా ఉంటాయి, రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. ఎనిమిది మంది వస్తున్నారు గనుక మీకు వేరే వీలుంది. ముందు రోజు ఫోన్ చేసి, వంటశాల పెద్దతో మాట్లాడతామని అడిగి, "కోనాం నడుం ముక్కలతో పులుసు ఒక గిన్నెగా, పదకొండింటికల్లా పొయ్యి మీదనుంచి దించి ఉంచండి, మేం ఒంటిగంటన్నరకు వస్తాం" అని చెప్పండి. రెండు, మూడు గంటలు నానితే పులుసు పులుసు అవుతుంది. కొంత బయానా అడుగుతారు, ఇవ్వండి. ఏ వంటవాడైనా ఇలా అడిగేవాళ్లు దొరికితే సంతోషిస్తాడు. రోజంతా బటర్ గార్లిక్ చేసి చేసి విసిగిపోయి ఉంటాడు.

బఫే జోలికి పోవద్దు. వేడి నీళ్ల మీద పెట్టిన పాత్రలో చేప అరగంటకే ఎండి పీచు కడుతుంది.

బిల్లు విషయానికి వస్తే, మొత్తం చేప, పీత, లాబ్‌స్టర్ ఉన్న చోట ధరకు బదులు "సైజును బట్టి" అనో "మార్కెట్ ధర" అనో రాసి ఉంటుంది. దానికి 100 గ్రాముల లెక్క ఉంటుంది. ఉదాహరణకు 100 గ్రాములు 250 రూపాయలనుకుందాం, వినడానికి కొంచెమే. చేప 900 గ్రాములు తూగితే 2,250 అయింది. పైగా తూచేది కడగక ముందు. పొట్ట, పొలుసు, మొప్ప తీశాక మీ పళ్లెంలోకి వచ్చేది అంతకన్నా తక్కువ. రొయ్యకైతే తల, పెంకు పోతే సుమారు 40 శాతం తగ్గుతుంది. అందుకే బరువు, మొత్తం ధర రెండూ వంటకు ముందే చెప్పించుకుని కాగితం మీద రాయించుకోండి. ఇందులో మొహమాటం పనికిరాదు. పన్ను మామూలు రెస్టారెంట్‌లో 5 శాతం ఉంటే, గది అద్దె 7,500 రూపాయలు దాటే స్థాయి హోటల్లోని రెస్టారెంట్‌లో 18 శాతం పడుతుంది, ఎనిమిది మంది బిల్లులో అది చిన్న తేడా కాదు. సర్వీస్ ఛార్జీ మాత్రం తప్పనిసరి కాదు. వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో ఇచ్చిన మార్గదర్శకాలను ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో సమర్థించింది. బిల్లులో దానంతటదే కలిపి ఉంటే తీసేయమనవచ్చు. నచ్చితే వడ్డించిన కుర్రాడి చేతిలో పెట్టండి.

చివరగా పిల్లవాడి సంగతి, దీన్ని తేలికగా తీసుకోకండి. హోటల్ వంటశాలలో రొయ్య, చేప, ఒక్కోసారి బంగాళాదుంప కూడా ఒకే నూనెలో వేగుతాయి. రొయ్య పడనివాడికి చేప వేపుడు కూడా ప్రమాదమే. బుక్ చేసేటప్పుడు ఒకసారి, కూర్చున్నాక కెప్టెన్‌కు ఇంకొకసారి చెప్పి, వాడికి విడి పెనం మీద చేసినదో, ఆవిరి మీద ఉడికించినదో అడగండి. సూప్ వద్దు, రొయ్య పెంకులు మరగబెట్టిన నీళ్లు అందులో ఉండవచ్చు. డాక్టరు రాసిచ్చిన మందు సంచిలో ఉంచుకోండి. మీ అమ్మగారి గురువారానికీ ఇదే అడ్డం, శాకాహారపు వేపుడు కూడా అదే మూకుట్లోనిదై ఉంటుంది. గురువారం కాకుండా ఇంకో రోజు పెట్టుకోవడమే సుఖం.

జాలరిపేట ఆడపడుచు

పాత వంటవాడు గారు వంటశాల లోపలి సంగతి చెప్పారు, నేను వంటశాలకు ముందు జరిగేది చెబుతాను. మా పుట్టింటివారికి పడవ ఉండేది, ఇప్పటికీ అన్నయ్య వేటకు పోతాడు.

అమ్మా, మీ నాన్నగారికి కొరమీను అలవాటని రాశారు. కొరమీను మాంసం తెల్లగా, గట్టిగా ఉంటుంది, మధ్య ముల్లు తప్ప పెద్దగా ముళ్లుండవు. దానికి సముద్రం వైపున దగ్గరి చుట్టం పండుగప్ప. అది ఉప్పునీటిలోనూ, నదులు సముద్రంలో కలిసే మొగల దగ్గరి కలగలుపు నీటిలోనూ తిరిగే చేప. మాంసం పొరలుపొరలుగా విడుతుంది, నీచు వాసన తక్కువ. చెరువుల్లో కూడా పెంచుతున్నారు గనుక "సముద్రానిదా, చెరువుదా" అని అడగండి. కోనాం అంటే మీ వైపు, చెన్నై వైపు వంజరం అంటారు. గుండ్రటి ముక్కలుగా కోస్తారు, పులుసుకూ వేపుడుకూ రెంటికీ నిలబడుతుంది. మా ఊళ్లో పెళ్లిచూపులకు వచ్చినవారికి పెట్టే చేప అది. కొమ్ముకోనాం అని ఇంకొకటి ఉంది, పేరు కలిసినా అది వేరే జాతి, మాంసం ముదురుగా ఉంటుంది, దాన్ని కోనాం ధరకు కొనకండి. అలాగే తెల్ల చందువ వేరు, నల్ల చందువ వేరు. నల్లది తక్కువ ధరకు దొరుకుతుంది, రుచి బాగానే ఉంటుంది, కానీ కార్డులో ఒట్టి "పాంఫ్రెట్" అని రాసి ఉంటే ఏదో అడగాలి.

నా అసలు బాధ ఇంకొకటి. మేం ఇళ్లలో ఇష్టంగా తినేవి కానాగంతలు, కవళ్లు, నెత్తళ్లు, సావడాలు. తలుచుకుంటే నోరూరేవి అవే. సముద్రం ఎదురుగా ఉన్న ఏ పెద్ద హోటల్ కార్డులోనూ అవి కనిపించవు. ముళ్లు ఉంటాయని, వాసన ఉంటుందని, చవకని. చవక చేపకు పెద్ద ధర వేయలేరు కదా! కిటికీలోంచి కనిపించే తెప్ప మీద వచ్చేవి అవైతే, బల్ల మీదికి వచ్చేది ఎక్కడిదో. అయినా అడిగి చూడండి. పాత వంటవాడు గారు చెప్పినట్టు ముందు రోజు ఫోన్ చేసినప్పుడు "రెండు కిలోల కానాగంతలు తెప్పించి, పసుపు, కారం, ఉప్పు పట్టించి పెనం మీద వేయిస్తారా" అనండి. రవ్వ అద్దవద్దని చెప్పండి, అది మంగళూరు వారి పద్ధతి, మనది కాదు. నలుగురు అడిగితే ఐదోవాడికి కార్డులో రాస్తారు.

పీత కావాలంటే ప్రాణంతో ఉన్న మండపీత మాత్రమే తీసుకోండి. సైజుకు మించిన బరువుండాలి. ఈమధ్యే పెంకు విడిచిన పీత పైకి పెద్దదిగా కనిపించినా లోపల నీళ్లే ఉంటాయి. తినడానికి మాత్రం చేతులు, బట్టలు, గంటన్నర ఓపిక కావాలి, పెద్ద బల్ల మీద పెద్దల మధ్య అది తేలదు. రొయ్యల్లో అన్నీ ఒకే కొలతలో ఉన్నవి చాలా వరకు చెరువుల్లో పెంచే వెనామీ రకం, గోదావరి జిల్లాలనుంచి వస్తాయి. పెంకు మీద పట్టీలుండేది టైగర్. మీ అన్నగారి అబ్బాయి ఉన్న బల్ల మీద రొయ్య అసలు తెప్పించకపోవడమే నయం.

మీరు డిసెంబరులో వస్తున్నారు, మంచి కాలం. ఇది చదివే మిగతావారికి చెబుతున్నాను: ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మా తీరంలో మరపడవల వేట నిషేధం. గుడ్లు పెట్టే కాలమని ఆపుతారు. ఇంజను లేని తెప్పలకు మాత్రమే మినహాయింపు. సెలవులకు పిల్లలతో అందరూ వచ్చేది సరిగ్గా అప్పుడే. ఆ రెండు నెలల్లో హోటల్లో "నేటి వేట" అన్న పలక కనిపిస్తే, ఎవరు వేటాడారని నవ్వుతూ అడగండి. అప్పటికి నిషేధం మొదలుకాని పడమటి తీరం నుంచి వచ్చినదో, ఐసుగదిలోదో అయి ఉంటుంది.

కంచరపాలెం పాఠకుడు

పై ముగ్గురి సలహాలూ చదివాను. ఇంత తతంగం ఎందుకని నా ప్రశ్న. సాయంత్రం నాలుగున్నరకు హోటల్లో కిటికీ పక్కన టీ తాగి సముద్రం చూడండి, మధ్యాహ్నం ఊళ్లో ఏదైనా మంచి మెస్సులో అరిటాకు మీద చేపల పులుసు తినండి. మూడో వంతు ఖర్చులో రెండూ తేలిపోతాయి. హోటల్‌వాడు చేప అమ్మడు, కుర్చీ అమ్ముతాడు.

జాలరిపేట ఆడపడుచు

మీరు చెప్పింది లెక్కకు సరిపోతుంది, నేనూ మా ఇంటికి చుట్టాలు వస్తే అదే చేస్తాను. కానీ ఆ పెద్దాయన కోరింది సముద్రాన్ని చూడడమూ, చేప తినడమూ వేరువేరుగా కాదు కదా. దాని ఎదురుగా కూర్చుని దాని చేప తినాలన్నారు. డెబ్బయ్యో ఏట ఒకసారి కుర్చీ కొనుక్కుంటే తప్పేమీ లేదు.

పాత వంటవాడు

మెస్సు పులుసు హోటల్ పులుసు కన్నా బాగుంటుందని ఒప్పుకుంటాను. అక్కడ గిన్నె పొద్దుటినుంచి పొయ్యి పక్కనే ఉంటుంది. ఆ గిన్నెను హోటల్లోకి తేవడానికే నేను ఫోన్ చేయమన్నది.

ఓరుగల్లు అమ్మాయి

అందరికీ ధన్యవాదాలు. వెళ్లి వచ్చాం, ఏమైందో చెప్పడం నా బాధ్యత.

శనివారం మధ్యాహ్నానికి పెట్టుకున్నాం. ముందు మూడు హోటళ్లకు ఫోన్ చేశాను. మొదటివారు వంటశాలతో మాట్లాడించడం కుదరదన్నారు. రెండోవారు అన్నింటికీ "అలాగే మేడమ్" అన్నారు, ఆ తొందర చూసి నాకే అనుమానం వచ్చి మానుకున్నాను. మూడోచోట వంటశాల పెద్ద స్వయంగా లైనులోకి వచ్చి, "పులుసు గిన్నెగా చేయడానికి ఇబ్బంది లేదు, కానాగంతలు మాత్రం ఉదయం వస్తేనే, మాట ఇవ్వలేను" అన్నాడు. మాట ఇవ్వలేనన్నవాడి మీదే నమ్మకం కుదిరి రెండు వేలు బయానా పంపించాం. లిఫ్టు ఆఖరి దాకా వస్తుందో లేదో అడిగితే, రెండు మెట్లు ఉన్నాయని, చేయి పట్టుకుంటామని చెప్పి, చెప్పినట్టే పట్టుకున్నారు.

నాలుగో అంతస్తు, ఆరుబయట. మేం కూర్చున్నప్పుడు ఎండ కొంచెం కళ్లలో పడింది. రెండుంబావు తరువాత లాసన్స్‌బే వారు రాసినట్టే నీళ్ల రంగు మారింది. మా అన్న ఆ మార్పు చూసి, ఇది ముందే ఎలా తెలుసని నన్ను అడిగాడు. కానాగంతలు రాలేదు. కోనాం పళ్లెంలో తెచ్చి చూపించారు. నేను మొప్ప ఎత్తబోతే కెప్టెన్ నవ్వి తనే ఎత్తి చూపించాడు. పండుగప్ప ఒక కిలో వంద గ్రాములు, బరువు, ధర చీటీ మీద రాసిచ్చాడు. "సముద్రానిదా" అంటే, "ఈ రోజుది చెరువుది మేడమ్" అని దాచకుండా చెప్పాడు, అయినా తీసుకున్నాం. పిల్లవాడికి విడి పెనం మీద చేసి, పళ్లెం కూడా వేరే కుర్రాడి చేత పంపించారు. వాడికి ఏ ఇబ్బందీ కాలేదు. అమ్మ కూడా తిన్నది. సర్వీస్ ఛార్జీ బిల్లులో కలిపే ఉంది. అడగగానే తీసేశారు, ఆ మొత్తానికి కొంచెం ఎక్కువే మేం చేతికి ఇచ్చి వచ్చాం.

నాన్నగారు పండుగప్పను మర్యాదకు రెండు ముక్కలు తిని, "కొరమీను లెక్కనే ఉన్నది" అని పక్కకు జరిపారు. ఆయన పోలిక కోసం రాలేదని అప్పుడు అర్థమైంది. పులుసు గిన్నెను మాత్రం దగ్గరికి లాక్కుని, నడుం ముక్కలు మూడు తిని, మధ్యలో మాటలు ఆపేసి సముద్రం వైపు చూస్తూ కూర్చున్నారు. మూడున్నర దాకా లేవలేదు, ఎవరూ లేవమనలేదు.

పులుసు సగం మిగిలితే వంటశాల పెద్ద స్టీలు డబ్బా కొనిపించి మరీ సర్ది ఇచ్చాడు. సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. రాజమండ్రి వంతెన మీద బండి వెళ్తుండగా నాన్నగారు డబ్బా తెరిచి, పై బెర్తులో ఉన్న మనవణ్ని దింపి, అన్నంలో కలిపి ముద్దలు పెట్టారు. పాత వంటవాడు గారూ, మీరన్నది నిజం. మధ్యాహ్నం కన్నా అప్పుడే బాగుంది.